రోజర్ రాబిట్ సినిమాలో చోటు దక్కని పాత్రలను వెలుగులోకి తెండి: డిస్నీ, ఆంబ్లిన్ సంస్థలకు బహిరంగ లేఖ

వాల్ట్ డిస్నీ సంస్థ యాజమాన్యానికి, కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఉన్న డిస్నీ యానిమేషన్ రిసెర్చ్ లైబ్రరీ నిర్వాహకులకు, రోజర్ రాబిట్ సినిమా సహనిర్మాతలైన ఆంబ్లిన్ ఎంటర్‌టైన్‌మెంట్ బాధ్యులకు నమస్కారాలు.

1988 జూన్ 22న అమెరికాలో విడుదలైన ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’ కోసం ఊహించి, రాసి, గీసి, ఒకచోటనైతే పూర్తిగా చిత్రీకరించి కూడా చివరికి తీసేసిన పాత్రలు, సన్నివేశాలు, ఆలోచనలు చాలా ఉన్నాయి. వాటికి సంబంధించిన బొమ్మలను, రాతప్రతులను, పరీక్షా చిత్రాలను ఒక్కచోట చేర్చి, ఎవరు గీశారో, ఎందుకు తీసేశారో చెబుతూ అందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సినిమాను మార్చమని నేను అడగడం లేదు. తీసేసిన ముక్కలను మళ్ళీ అతికించి కొత్త రూపంలో విడుదల చేయమని అసలే అడగడం లేదు. ఆ సినిమా ఇప్పుడున్నట్టే ఉండాలి. దాని పక్కన, దానికోసం జరిగిన పని కూడా కనబడాలి.

నేను హైదరాబాదులో యానిమేషన్ పాఠాలు చెబుతాను. ఈ సినిమాకు యానిమేషన్ దర్శకత్వం వహించిన రిచర్డ్ విలియమ్స్ 2001లో ప్రచురించిన పాఠ్యగ్రంథం మా విద్యార్థుల బల్లలమీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నడక ఎలా గీయాలో, బరువు ఎలా చూపాలో ఆయన పేజీల్లోంచే వాళ్ళు నేర్చుకుంటారు. అయితే గీసినదాన్ని ఎప్పుడు వదులుకోవాలో నేర్పడానికి మా దగ్గర పాఠ్యసామగ్రి లేదు. అది మీ బీరువాల్లో ఉంది.

సినిమా చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. 1947 నాటి లాస్ ఏంజెలెస్‌లో మనుషుల మధ్యే కార్టూన్ పాత్రలు కూడా బతుకుతుంటాయి. వాటిని టూన్లు అంటారు, వాటి పేట టూన్‌టౌన్. మార్విన్ ఆక్మే అనే వ్యాపారి హత్యకు గురైతే నేరం రోజర్ అనే కుందేలుమీద పడుతుంది. సోదరుణ్ణి ఒక టూన్ చంపినప్పటినుంచి టూన్లంటేనే గిట్టని ఎడ్డీ వేలియంట్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఆ కేసులో ఇరుక్కుంటాడు. బాబ్ హాస్కిన్స్ ఆ పాత్ర వేశారు, రాబర్ట్ జెమెకిస్ దర్శకత్వం వహించారు. డిస్నీ వారి మిక్కీ మౌస్, వార్నర్ వారి బగ్స్ బన్నీ ఒకే ఫ్రేములో కనబడిన సినిమా ఇది. ఇద్దరికీ తెరమీద సమానమైన సమయం ఇవ్వాలన్నది అప్పటి ఒప్పందం.

అది కంప్యూటర్ చేతికి రాకముందు చేసిన పని. నటులతో తీసిన దృశ్యంలోని ఒక్కొక్క ఫ్రేమును పెద్ద నలుపు తెలుపు ఫొటోగా వేసి, దానిమీద కాగితం పరిచి, కదులుతున్న కెమెరాకు తగ్గట్టు కుందేలును ప్రతిసారీ కొత్త కోణంలో గీశారు. రంగు వేశాక నీడలకు ఒక పొర, వెలుగులకు ఇంకో పొర విడివిడిగా తయారుచేసి, ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలో ఆప్టికల్ ప్రింటర్‌మీద కలిపారు. ఎడ్డీ తల తగిలి దీపం ఊగే గదిలో రోజర్ ఒంటిమీద నీడ కూడా దీపంతోపాటు ఊగుతుంది. ఆ కొద్ది క్షణాల కోసం ఎంత చాకిరీ చేశారో తెలియాలంటే ఒక్కసారి లైట్ బాక్సు ముందు కూర్చొని ప్రయత్నించి చూడాలి. మూడొందల మందికి పైగా యానిమేటర్లు ఎనభై వేలకు మించిన ఫ్రేములు గీసిన సినిమాలోంచి ఒక సన్నివేశాన్ని తీసేయడమంటే ఎడిటింగ్ బల్లమీద ఒక చిన్న కోత మాత్రమే కాదు. ఎందరివో నెలల శ్రమ దాంతోపాటే పోతుంది.

పంది తల ఘట్టాన్నే తీసుకుందాం. అది కాగితంమీద ఆగిపోలేదు. చిత్రీకరించారు, యానిమేషన్ పూర్తిచేశారు, ఆ తర్వాతే తీసేశారు. ఇంక్ అండ్ పెయింట్ క్లబ్బులో పాటలు పాడే రోజర్ భార్య జెస్సికా గదిని రహస్యంగా వెతకబోయి ఎడ్డీ పట్టుబడతాడు. కథలో ప్రతినాయకుడైన జడ్జి డూమ్ ఆజ్ఞ ప్రకారం అతని అనుచరులైన వీజల్స్ (ముంగిసలను పోలిన టూన్ జంతువులు) ఎడ్డీని టూన్‌టౌన్‌కు ఈడ్చుకుపోయి, అతని తలమీద ఒక కార్టూన్ పంది తల తెచ్చిపెట్టి వదిలేస్తారు. మెడదాకా మనిషి, మెడపైన బొమ్మ. అతను ఇంటికి చేరి, స్నానాల గదిలో టర్పెంటైన్ పోసుకొని రుద్దుకుంటే ఆ రంగు కరిగి కారిపోతుంది.

ఈ చివరి అంశాన్ని మీరు మరోసారి జాగ్రత్తగా చూడాలని నా మనవి. సినిమాలో టూన్లను చంపగలిగిన ద్రావకం ఒక్కటే ఉంది, దాని పేరు డిప్. టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపి దాన్ని తయారుచేశారని సినిమాలోనే చెబుతారు. సెల్ మీది, అంటే యానిమేషన్ బొమ్మలు వేసే పారదర్శకమైన రేకు మీది, రంగును కరిగించే పదార్థాలివి. అంటే ఎడ్డీ తన ముఖాన్ని తిరిగి సంపాదించుకోవడానికి వాడినదీ, డూమ్ ఒక అమాయకపు టూన్ బూటును పీపాలో ముంచి చంపినదీ ఒకే వంశానికి చెందిన మందు. పంది తల ఘట్టం ఉండి ఉంటే, టూన్లను ద్వేషించే ఎడ్డీ తానే కాసేపు సగం టూనై, ఆ మందు మంట తన చర్మంమీద చవిచూసినవాడు అయ్యేవాడు. కథలో అంత లోతైన ఆలోచన అది. పోయింది.

అయినా ఆ కోత సరైనదేనని నేను నమ్ముతాను. సోదరుడు చనిపోయినప్పటినుంచి ఎడ్డీ టూన్‌టౌన్‌లో అడుగుపెట్టలేదు. సినిమా చివరి భాగంలో సొరంగం ముందు కారు ఆపి, మద్యం సీసాను విసిరి, తుపాకీతో పేల్చి, తనంతట తాను లోపలికి వెళ్ళడం ఆ పాత్ర చేసిన అతి పెద్ద నిర్ణయం. అంతకుముందే అతన్ని ఎవరో బలవంతంగా అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేసి ఉంటే ఆ సొరంగానికి ఉన్న భయం సగం చచ్చిపోయేది. ఒక మంచి ఆలోచనను కాపాడటానికి ఇంకో మంచి ఆలోచనను వదులుకోవలసి వచ్చింది. ఇది ఏ పుస్తకమూ నేర్పలేని పాఠం. ఈ ఘట్టాన్ని 2003లో వచ్చిన డీవీడీలో అదనపు అంశంగా మీరే చూపించారు, అందుకు కృతజ్ఞతలు. కానీ ఇళ్ళలో డిస్కు ఆడించే యంత్రాలే కనుమరుగవుతున్న రోజులివి. పైగా పూర్తయిన ఘట్టం ఒక్కటే చూస్తే మాలాంటివాళ్ళకు చాలదు. హాస్కిన్స్ తల తిప్పిన ప్రతి ఫ్రేములోనూ పంది చెవులూ ముట్టె ఏ కోణంలో కూర్చున్నాయో తెలియజేసే పెన్సిల్ టెస్టులు (రంగు వేయకముందు గీతలతోనే కదలికను చూసుకునే చిత్రాలు), కింద పరిచిన ఫొటోలు, నీడల పొరలు చూడాలి. ఒక విద్యార్థి వాటిని వరుసగా తిరగేస్తే, మనిషి మెడకూ గీసిన తలకూ మధ్య అతుకును ఎలా దాచారో ఒక పూటలో అర్థమవుతుంది.

రెండోది మార్విన్ ఆక్మే అంత్యక్రియల సన్నివేశం. ఇది స్టోరీబోర్డు దశ, అంటే సన్నివేశాన్ని వరుస బొమ్మలుగా కాగితంమీద గీసుకునే దశ, దాటలేదు. కథనం నెమ్మదిస్తుందని వదిలేశారు. నా దృష్టిలో ఈ సినిమా పోగొట్టుకున్నవాటిలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఆ శ్మశానానికి ఎవరెవరు రావలసి ఉందో చూడండి: పొపాయ్, ఆలివ్ ఆయిల్, బ్లూటో, టామ్ అండ్ జెర్రీ, ఫెలిక్స్ ద క్యాట్, మైటీ మౌస్, హెకిల్ అండ్ జెకిల్, హెర్మన్ అండ్ క్యాట్‌నిప్, సూపర్‌మ్యాన్, ఫాగ్‌హార్న్ లెగ్‌హార్న్, మిక్కీ, మిన్నీ, చిప్ అండ్ డేల్, క్లారాబెల్ ఆవు, ఏడుగురు మరుగుజ్జులు. వీళ్ళు వేర్వేరు స్టూడియోల్లో పుట్టినవాళ్ళు. వీళ్ళలో సగం మంది పుట్టిందే ఒకరినొకరు తరుముకోవడానికి, తన్నుకోవడానికి.

పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలి అని మా వైపు పెద్దలంటారు. పగవాడైనా శవం దగ్గర కాసేపు తల వంచుకొని నిలబడతాడు. పొపాయ్, బ్లూటో ఒక వరుసలో, టామ్, జెర్రీ పక్కపక్కన, అందరూ తమకు నవ్వు సామాన్లు సరఫరా చేసిన ముసలాయన కోసం మౌనంగా ఉండటమన్న ఊహ ఏ రచయితకు, ఏ స్టోరీబోర్డు చిత్రకారుడికి తట్టిందోగాని, అమెరికన్ కార్టూన్ల స్వర్ణయుగమంతా ఒకే కుటుంబమని ఒక్క సన్నివేశంలో చెప్పగల ఊహ అది. తుది చిత్రంలో మిగిలిన అతిథులను నేను తక్కువ చేయడం లేదు. బెట్టీ బూప్ నలుపు తెలుపుల్లో క్లబ్బులో సిగరెట్లు అమ్ముతూ కనబడటం, ఆమెకు ఆనాటి మే క్వెస్టెల్ గొంతే తిరిగి పలకడం, డ్రూపీ లిఫ్టు నడపడం, డోనాల్డ్, డాఫీ రెండు పియానోలమీద పోటీపడటం మరిచిపోలేనివే. కానీ ఫెలిక్స్‌కు టూన్‌టౌన్ సొరంగం ముఖద్వారంమీద బొమ్మగా ఉండే చోటు మాత్రమే దక్కింది. పొపాయ్‌కీ, టామ్ అండ్ జెర్రీకీ హక్కులు కుదరక అదీ దక్కలేదు. తెలుగు ఇళ్ళలో టీవీ ముందు కూర్చొని పెరిగిన పిల్లల్లో ఎక్కువమందికి రోజర్ కంటే వీళ్ళే దగ్గర. ఆ స్టోరీబోర్డు తాలూకు కొన్ని బొమ్మలు అభిమానుల చేతుల్లో చెదురుమదురుగా తిరుగుతున్నాయి. మొదటినుంచి చివరిదాకా వరుసక్రమంలో, స్పష్టంగా, కింద రాసిన సంభాషణలతో సహా అది మాకు కావాలి.

జడ్జి డూమ్ పాత్ర నుంచి రాలిపోయినవి ఇంకా ఉన్నాయి. అతని భుజంమీద ఒక యానిమేషన్ రాబందు కూర్చొని ఉండాలి. అతని పెట్టెలో పన్నెండు బుల్లి కంగారూలు జూరీగా ఉండాలి. తీర్పు వేళ వాటి సంచుల్లోంచి పిల్లలు తలెత్తి, తలా ఒక అక్షరం పట్టుకుంటే ‘నువ్వు దోషివి’ అనే ఇంగ్లీషు వాక్యం పూర్తవుతుంది. ఆ వాక్యానికి సరిగ్గా పన్నెండు అక్షరాలే! న్యాయం పేరుతో ఆ మనిషి నడిపే దౌర్జన్యాన్ని ఒక్క నవ్వులో చెప్పగలిగిన ఆ ఊహ ఖర్చు, సాంకేతిక కష్టం చూసి ఆగిపోయింది. రాబందు సంగతీ అంతే. వీజల్స్ కూడా మొదట ఏడుగురు, ఏడుగురు మరుగుజ్జులకు ప్రతిరూపంగా. స్లైమీ, స్లీజీ అనే ఇద్దరు రాతలోనే పోయి ఐదుగురే మిగిలారు. డూమ్‌ను బ్యాంబీ తల్లిని చంపిన వేటగాడిగా చూపాలన్న ఆలోచనకు మీ సంస్థే అడ్డుచెప్పిందని చదివాను. అది సబబేనని ఒప్పుకుంటాను, డూమ్‌కు ఆ భారం అక్కర్లేదు. అసలు డూమ్ పుట్టకముందు తొలి రాతప్రతుల్లో జెస్సికానో, రోజర్ తోటి టూన్ నటుడు బేబీ హెర్మనో హంతకులుగా ఉండేవారట. ఆ ప్రతులను తేదీల వరుసలో చదవగలిగితే ఒక ప్రతినాయకుడు ఎలా పుడతాడో కళ్ళకు కడుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే గ్యారీ వుల్ఫ్ 1981 నాటి నవల ఉంది. అందులో టూన్లు దినపత్రికల కామిక్స్‌లో నటించేవాళ్ళు. వాళ్ళ మాటలు తలపైన బుడగలుగా కనబడతాయి. సినిమాకు వచ్చేసరికి పత్రికల స్థానంలో సినిమా కార్టూన్లు వచ్చాయి, బుడగలు మాయమయ్యాయి. ఆ మధ్యకాలంలో, 1980ల తొలినాళ్ళలో, డారెల్ వాన్ సిటర్స్ యానిమేషన్ పర్యవేక్షణలో మీ స్టూడియో ఇంకో రోజర్‌ను తయారుచేసింది. పాల్ రూబెన్స్ దానికి గొంతునిచ్చారు. తర్వాత చార్లెస్ ఫ్లైషర్ గొంతుతో మనం చూసిన రోజర్‌కు దీనికి ముఖంలోనూ స్వభావంలోనూ చాలా తేడా ఉంది. ఆ పరీక్షా చిత్రాలు కూడా ఈ సేకరణలో తప్పక చేరాలి.

హక్కుల చిక్కు ఉందని మీరు అనవచ్చు. నిజమే, అంత్యక్రియల బొమ్మల్లో ఉన్నవాళ్ళందరూ మీవాళ్ళు కారు. కానీ ఈ సినిమా తీసేటప్పుడే మీరు వార్నర్‌తో కూర్చొని మిక్కీకీ బగ్స్‌కూ సమానంగా తెర పంచారు. ఇవాళ టామ్ అండ్ జెర్రీ, సూపర్‌మ్యాన్ ఉన్నదీ ఆ వార్నర్ చేతిలోనే. 1928 నాటి మిక్కీ 2024లో, 1929 నాటి పొపాయ్ 2025లో అమెరికాలో ప్రజల సొత్తు అయ్యారు. తర్వాతి రూపాలమీద హక్కులు ఇంకా ఉన్నాయని తెలుసు. అయినా అడుగుతున్నది కొత్త సినిమా కాదు, సరుకు కాదు. ఎప్పుడో గీసిన బొమ్మలను చదువుకోవడానికి చూపించమని. ఆ మాత్రం అనుమతికి ఏ హక్కుదారూ కాదనడని నా నమ్మకం. అంతవరకూ ఆగే పని లేకుండా పంది తల, కంగారూలు, రాబందు, వీజల్స్, తొలి రోజర్ ఇప్పటికిప్పుడే బయటపెట్టవచ్చు. అవన్నీ ఈ సినిమా కోసమే పుట్టినవి.

వదిలేసినవాటిని చూపిస్తే సినిమా గౌరవం తగ్గుతుందని ఎవరైనా అంటే, రిచర్డ్ విలియమ్స్ అనుభవాన్నే గుర్తుచేస్తాను. 1960లలో మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఆయన గీసిన ‘ద థీఫ్ అండ్ ద కాబ్లర్’ 1992లో ఆయన చేతినుంచి జారిపోయింది, ఇతరులు కత్తిరించి, పాటలు చేర్చి విడుదల చేశారు. 2013 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఆయన సమక్షంలో ఆయన అసంపూర్ణ ప్రతిని ఉన్నదున్నట్టుగా ప్రదర్శించింది. అక్కడక్కడా రంగు వేయని పెన్సిల్ గీతలు, ఖాళీలు ఉన్న ఆ ప్రతివల్ల ఆయన గౌరవం పెరిగిందేగాని తగ్గలేదు. ఆయన 2019లో కన్నుమూశారు. హాస్కిన్స్ 2014లోనే వెళ్ళిపోయారు. బగ్స్‌కూ డాఫీకీ గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ సినిమా వచ్చిన మరుసటి ఏడాదే పోయారు. లండన్‌లోని క్యామ్డెన్ టౌన్ స్టూడియోలో అప్పుడు యువకులుగా బొమ్మలు గీసినవాళ్ళకు ఇప్పుడు వయసు మీదపడింది. ఏ గీత ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఉండగానే వాళ్ళను కూర్చోబెట్టి అడిగించండి. జవాబులను బొమ్మల పక్కనే రాయించండి.

పేర్ల సంగతి నేను గట్టిగా అడగడానికి కారణం మా ఊరే. హైదరాబాదు స్టూడియోల్లో ఎన్నో విదేశీ చిత్రాలకు, సీరియళ్ళకు యానిమేషన్, కంపోజిటింగ్ పని జరుగుతుంది. వారాల తరబడి చేసిన షాటు ఒక ఉదయం ‘ఓమిట్’ (తొలగింపు) అని జాబితాలో కనబడుతుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఒక ప్రాణి తోక కదలికమీద నెలకు పైగా పనిచేస్తే ఆ పాత్రే కథలోంచి ఎగిరిపోయింది. ఒప్పందం ప్రకారం ఆ షాటును షోరీల్లో, అంటే ఉద్యోగాల కోసం తన పనిని చూపే వీడియోలో, పెట్టుకోవడానికీ వీల్లేదు. తాను సరిగ్గా చేయకపోవడంవల్లే తీసేశారేమోనని ఆమె చాలాకాలం కుమిలిపోయింది. ఈ సినిమాలో గొప్ప గొప్ప యానిమేటర్లు పూర్తిచేసిన పని కూడా కథ నడక కోసం ఆగిపోయిందని, అందులో వాళ్ళ తప్పేమీ లేదని, ఆ బొమ్మలే చూపించి చెప్పగలిగితే ఆమెలాంటివాళ్ళకు ఎంత ధైర్యమో మీరు ఊహించగలరు.

మీ యానిమేషన్ రిసెర్చ్ లైబ్రరీలో ఆరు కోట్లకు పైగా కళాకృతులున్నాయని మీ సంస్థే చెబుతుంది. వాటిలో ఈ ఒక్క సినిమాకు సంబంధించిన భాగాన్ని వేరుచేసి, స్కాను చేసి, వాటర్‌మార్కు వేసైనా సరే ఉచితంగా చూడగలిగేలా పెట్టండి. ప్రతి బొమ్మకూ గీసినవారి పేరు, తేదీ, అది ఏ రాతప్రతికి చెందిందో, ఎప్పుడు ఎందుకు వదిలేశారో జతచేయండి. 2016లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరిన సినిమా ఇది. దానికి ఈ మాత్రం దస్తావేజు అవసరమని నేను వేరే చెప్పనక్కర్లేదు.

2028 జూన్ 22 నాటికి ఈ చిత్రానికి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆ తేదీకి అంతా సిద్ధం చేయలేకపోయినా ఫరవాలేదు, అంత్యక్రియల స్టోరీబోర్డుతో మొదలుపెట్టండి. పంది తలకు కనీసం ఫిల్ము ఉంది. ఆ శ్మశానంలోని వాళ్ళెవరూ కెమెరా ముందుకు రానేలేదు, వాళ్ళు ఉన్నది ఆ కాగితాలమీద మాత్రమే.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఒక యానిమేషన్ ఉపాధ్యాయుడు,
హైదరాబాదు.